గుర్రాల పేరు మిగిలింది

తెలుగులో మా వాడకు పెట్టిన పేరు వెలివాడ. వెలి అంటే బయట. ఊరికి బయట, బాయికి బయట, గుడికి బయట, బడికి బయట. ఈ బయట మేం కోరుకున్నది కాదు, మాకు వేసిన శిక్ష. అందుకే ఏ కవిగారైనా చెట్టు గురించీ గాలి గురించీ మురిసిపోతూ రాస్తే మావాళ్లకు అనుమానమొస్తది. ఆ చెట్టు నీడ ఎవరిది, ఆ చెట్టుకు నీళ్లు మోసిన చేతులెవరివి అని అడగబుద్ధయితది. నాకూ ఆ అనుమానముంది.

అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. మా తాతకూ మా నాయినకూ బయలంటే పానం. ఇద్దరూ ఎండకూ వానకూ ఒళ్లప్పజెప్పి బతికినవాళ్లే. వాళ్లు బయట పనిచేసింది కైకిలి కోసమే. కానీ బయలును ప్రేమించింది కైకిలి కోసం కాదు. ఈ రెండు మాటలూ నిజమే. మొదటిది రాస్తే మావాళ్లు ఉత్త బాధితులుగా మిగులుతారు. రెండోదే రాస్తే దోపిడీకి పూలు చుట్టినట్టయితది. రెండూ కలిపి రాసినవాళ్లు నాకు బడి పుస్తకాల్లో దొరకలేదు. అందుకే నేను రాస్తున్న.

ముందు మా ఊరి సంగతి. సికింద్రాబాద్ పుట్టుకే ఒక వెలివాడ పుట్టుక లాంటిది. 1798లో నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్యసహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు హైదరాబాద్ పట్నంలో కాదు, హుస్సేన్‌సాగర్ అవతలి బయలు మీద డేరాలు వేశాయి. 1806లో ఆ దండుకు మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. జనం మాత్రం లష్కర్ అన్నారు. ఇప్పటికీ బోనాలప్పుడు లష్కర్ బోనాలనే అంటాం. ఆ ఉజ్జయిని మహంకాళి గుడి కథ కూడా దండులో డోలీలు మోసిన సురిటి అప్పయ్యతోనే మొదలైందని చెప్తారు.

దండు అంటే తుపాకులు పట్టినవాళ్లే కాదు. వాళ్ల వెంట వంటవాళ్లు, నీళ్లు మోసే భిస్తీలు, ధోబీలు, తోలు కుట్టేవాళ్లు, దొడ్లు ఎత్తేవాళ్లు, గుర్రాలు కడిగే సాయీసులు, గడ్డి కోసే ఘసియారాలు ఉంటారు. సిలాదారీ పద్ధతి నడిచిన రిసాలాల్లో గుర్రం రౌతు సొంతం. ఇద్దరు రౌతులు కలిసి ఒక తట్టువనూ ఒక గడ్డి మనిషినీ పెట్టుకొనేవాళ్లు. ఆ లెక్కన రెండు గుర్రాల వెనక ఒక మనిషి నడుము వంగి ఉన్నట్టు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ పద్ధతి పోయింది గాని, గుర్రాలున్నన్నాళ్లు గడ్డి పని పోలేదు.

మా ముత్తాత మెదక్ దిక్కు ఒక పల్లె నుంచి బొల్లారం వచ్చిండు. మాదిగ ఇంట పుట్టిన మనిషికి అక్కడ పనికి తక్కువ లేదు, కూలికే తక్కువ. దొర పిలిస్తే పోవాలి, చచ్చిన గొడ్డును ఎత్తాలి, డప్పు కొట్టి చాటాలి, చెప్పులు కుట్టియ్యాలి. దాన్ని వెట్టి అన్నారు. ఒక రాత్రి పెండ్లాన్ని తీసుకొని నడుచుకుంటొచ్చిండట. దండులో అంటరానితనం లేదని నేనను. అక్కడా నీళ్ల కుండలు వేరే, లైన్లు వేరే. కానీ దండులో నెల తిరిగితే చేతిల పైసలు పడేవి. కూలి పైసల రూపంలో దొరకడమంటే ఏందో, ఎన్నడూ దొరకనోడికే ఎర్క. అంబేద్కర్ పుట్టింది కూడా 1891లో మావ్ అనే దండు ఊళ్లోనే. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు. దండు మావాళ్లకు చదువుకూ జీతానికీ ఒక సందు తెరిచింది. ఆ తర్వాత మహార్ల భర్తీ ఆపేసి ఆ సందు మూసిందీ ఆ ఇంగ్లీషోళ్లే.

ఘసియారా పని అంటే ఏందో ఇప్పటి పిల్లలకు తెలియదు. నాకు తాత చెప్పిండు. ఆయన పదేండ్లవాడప్పుడే తండ్రి వెంట ఖుర్పి పట్టుకొని పోయిండు. పొద్దు పొడవకముందే బయలెల్లాలి. గరిక ఉన్న చోటు వెతకాలి. గుర్రానికి నేలకంటుకొని పాకే గరికంటే ఇష్టం. కొడవలికి అది అందదు. గొంతుక్కూర్చొని ఖుర్పితో వేరు దగ్గర గీకాలి. మట్టి దులపాలి, కుంటలో జాడించాలి, ఆరబెట్టి మోపు కట్టాలి. మోపులో తుంగ కలిసినా, మట్టి మిగిలినా జమాదారు కాలితో తన్ని పారేసేటోడట. ఆనాటి కూలి గంగల కలిసినట్టే.

ఆ పనిలోనే తాతకు బయలు తెలిసింది. ఏ వాలులో నీరు దిగుతదో, ఏ మన్నులో గరిక తియ్యగుంటదో, చెంగలి గడ్డి ఏ నెలల ముదురుతదో తెలిసింది. కంజుపిట్ట కాళ్ల కిందికెల్లి ఎగిరితే గూడు ఎంత దూరంల ఉంటదో చెప్పేటోడు. ఖుర్పి వేసే ముందు నేలను రెండుసార్లు తట్టేటోడు, పాముంటే పోతదని. "నేల మీద కూసున్నోనికే నేల కనబడుతది బిడ్డా, గుర్రం మీద కూసున్నోనికి తొవ్వే కనబడుతది" అనేటోడు.

1916 జూలై 14న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో, హైవుడ్ అనే అడవి దగ్గర 20వ డెక్కన్ హార్స్ దళం గుర్రాల మీద దాడి చేసింది. ఆ దళానికి మూలం హైదరాబాద్ కంటింజెంట్. ఆ కంటింజెంట్ ముఖ్యకేంద్రం మా బొల్లారమే. యుద్ధ చరిత్రల్లో ఆ దాడి ఉంది, దళం పేరుంది, తారీఖు ఉంది. గుర్రాలను అంత బలంగా పెంచిన గడ్డి ఎవరు కోశారన్నది లేదు.

సికింద్రాబాద్‌లో ఘాస్‌మండీ అనే బస్తీ ఉంది. ఘాస్‌మండీ అంటే గడ్డి అంగడి. ఇయ్యాల అక్కడ గడ్డి లేదు. ఆ పేరొక్కటే మావాళ్లు నెత్తిన మోసిన మోపులకు సాక్ష్యంగా మిగిలింది.

ఈ గల్లీల్లోనే మావాళ్లు తలెత్తడం కూడా మొదలైంది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్రమండలి పెట్టి, మావాళ్ల పిల్లలకు బడులు తెరిచాడు. సికింద్రాబాద్‌లో, రైల్వేలో పనిచేసిన అరిగె రామస్వామి సంఘాలు కట్టాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో మావాళ్లు ఆది హిందువులని రాయించుకున్నారు. చిలకలగూడలో 1918లో పుట్టిన ఈశ్వరీబాయి అసెంబ్లీని గడగడలాడించింది. బొల్లారంలో 1928లో పుట్టిన సదాలక్ష్మి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరయింది. ఈ పోరాటాలను పి.ఆర్. వెంకటస్వామి ఇంగ్లీషులో పుస్తకంగా రాసి 1955లో అచ్చువేశాడు. మావాళ్ల చరిత్రను మావాడే రాసుకున్న పుస్తకమది.

మా తాత సదాలక్ష్మమ్మకు ఇంచుమించు ఈడువాడు. ఆయన బడికి పోలేదు. బడి పొద్దుగాలే, గడ్డీ పొద్దుగాలే. రెండింట్ల కడుపు నింపేది గడ్డి.

ఆ గడ్డి కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1938 నుంచి 1940 దాకా భారత సైన్యంలో గుర్రపు దళాలు దాదాపు అన్నీ మోటారు దళాలయ్యాయి. గుర్రాలు పోయి ట్యాంకులు, సాయుధ కార్లు వచ్చాయి. రౌతుకు డ్రైవింగు నేర్పారు. గడ్డి మనిషికి నేర్పడానికి ఏముంది? "ఇంజనుకు గడ్డి వద్దన్నరు, ఇంటికి పొమ్మన్నరు" అని తాత నవ్వుకుంట చెప్పేటోడు. ముత్తాత మాత్రం ఆ యేడు నవ్వలేదట.

తర్వాత తాత మిలిటరీ డెయిరీ ఫారంల దినకూలీగా చేరిండు. గుర్రాలు పోయి పశువులొచ్చినయి, గడ్డి గడ్డే. పటాలాలకు పాల కోసం ఇంగ్లీషోళ్లు మొదటి మిలిటరీ ఫారాన్ని 1889 ఫిబ్రవరి 1న అలహాబాద్‌లో పెట్టారు. తర్వాత దండున్న ఊళ్లల్లో అటువంటివి చాలా లేచాయి. చివరికి 2021 మార్చి 31న దేశంలోని మిలిటరీ ఫారాలన్నిటినీ మూసేశారు. ఇయ్యాల బోయిన్‌పల్లి పోతే డెయిరీ ఫారం రోడ్డు అని పేరుంటది. ప్యారడైజ్ నుంచి అక్కడి దాకా పైవంతెన కట్టడానికి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. ఆ రోడ్డు పేరు చూసినప్పుడల్లా నాకు తాత నడుము యాదికొస్తది. ముసలితనంల ఆయన నిలబడినా సగం వంగే ఉండేటోడు.

ఇక్కడ మా నాయనమ్మ మాట కూడా రాయాలి. రాయకపోతే ఈ వ్యాసం మొగోళ్ల చరిత్రయి పోతది. నేను తాత గురించి గొప్పగా మాట్లాడితే ఆమె మధ్యలనే అందుకునేది. "మీ తాతకు బయలంటే పానమే. ఆయన పిట్టలను చూసుకుంట నడిచేటోడు. నా నెత్తి మీద మోపుండె. తల తిప్పితే మెడ విరుగుతుండె. నాకు పిట్టలేడ కనబడ్డయి? నా కాలి ముందటి రాయి కనబడ్డది." కోసేది ఇద్దరు, అమ్మేది ఆమె. ఇంటికొచ్చి పొయ్యి ముట్టించేదీ ఆమెనే. బయలును ప్రేమించడానికి కూడా రెండు చేతులు ఖాళీగా ఉండాలని నాకు చెప్పింది మా నాయనమ్మే. ఏ పుస్తకం చెప్పలేదు.

ఆమెకు బయట ఇష్టమైన జాగా ఒకటుండె. చెరువు కట్ట మీద మోపు దించి కూసునే బండ. "దించినంక గాలి కొడుతది సూడు, అది ఒక్కటి మంచిగుంటుండె" అనేది.

ఇక మా నాయిన. ఆయన గడ్డి పట్టలేదు, ఇనుము పట్టిండు. ఏడో తరగతి దాకా చదివి, 1979లో రైలు పట్టాల మీద క్యాజువల్ లేబరుగా చేరిండు. ఆ రోజుల్లో క్యాజువల్ అంటే పని మాత్రం రోజూ ఉంటది, నౌకరీ మాత్రం ఉండదు. 1985లో ఇంద్రపాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రాజెక్టు పనుల్లో ఏండ్లతరబడి చేస్తున్న క్యాజువల్ కూలీలను విడతలవారీగా పర్మినెంటు చేసే పథకానికి మార్గం వేసింది. ఆ తీర్పు గురించి గ్యాంగుల్లో పండుగ లెక్క చెప్పుకున్నరట. నాయిన పేరు కూడా కొన్నేండ్లకు మస్టర్ నుంచి రిజిస్టర్లకెక్కింది. మా ఇంట్ల నెల జీతపు కాగితం చూసిన మొదటి మనిషి ఆయనే.

మొదట గ్యాంగ్‌మ్యాన్, తర్వాత కీమ్యాన్. కీమ్యాన్ రోజూ తన బీటు మొత్తం నడవాలి. పోయేటప్పుడు ఒక పట్టాను చూసుకుంట పోవాలి, వచ్చేటప్పుడు రెండో పట్టాను చూసుకుంట రావాలి. సడలిన కీని సుత్తెతో కొట్టాలి, బోల్టు బిగించాలి. పట్టా పగిలి కనిపిస్తే ఎర్రజెండా పాతి, దూరం పోయి పట్టా మీద పటాకాలు అమర్చి బండిని ఆపాలి. ఎండకు ఇనుము సాగుతది, చలికి ముడుచుకుంటది. మే నెల మధ్యాహ్నం పట్టా వంకరపోవచ్చు, జనవరి తెల్లవారుజామున పగలొచ్చు. కాబట్టి అందరూ నీడకు పోయే యాళ్లకు కీమ్యాన్ ఎండల ఉండాలి, అందరూ ముసుగు తన్నే యాళ్లకు చలిల ఉండాలి.

ఆయన బీటు మల్కాజిగిరి దాటినంక బొల్లారం దిక్కు పోయే లైనుల ఉండె. నిజాం కాలంలో మన్మాడ్ దాకా మీటర్‌గేజిగా వేసిన దారి అది, తర్వాత బ్రాడ్‌గేజి అయింది. సఫిల్‌గూడ, అమ్ముగూడ, అల్వాల్ ఈ దారి మీదివే. అమ్ముగూడకూ అల్వాల్‌కూ నడుమ ఒక చిన్న స్టేషనుంది. దాని పేరు కావల్రీ బ్యారక్స్. కావల్రీ అంటే గుర్రపు దళం. గుర్రాలు పోయి ఎనభై ఏండ్లు దాటింది. వాటి పేరు రాసిన బోర్డు ఇంకా ఉంది. ఏ గుర్రాలకు మా ముత్తాత గడ్డి కోసిండో వాటి పేరున్న స్టేషను ముందర మా నాయిన సుత్తె భుజాన పెట్టుకొని ఏండ్లకేండ్లు నడిచిండు. మూడు తరాలు ఆ నేలనే నడిచినం. బోర్డు మీద మాత్రం గుర్రాలే ఉన్నయి.

నాయినకు ఆ నడకంటే ఇష్టం. సెలవు రోజు కూడా ఇంట్ల నిలిచేటోడు కాదు. నన్ను సైకిల్ ముందట కూసుండబెట్టుకొని మౌలాలి గుట్టకో, శామీర్‌పేట చెరువుకో తీసుకపోయేటోడు. సీతాఫలాల కాలంల సంచి తెచ్చేటోడు. ఈ గుట్టల రాయి సుమారు 250 కోట్ల ఏండ్ల కిందిదని నేను డిగ్రీల చదువుకొని వచ్చి చెప్తే, "అందుకే దానికి తొందర లేదు" అన్నడు.

తీతువపిట్టల సంగతి మరీ చెప్పాలి. అవి గూడు కట్టవు. పట్టాల పక్క కంకరలోనే గుడ్లు పెడతయి. గుడ్డు కూడా కంకర రంగులోనే ఉంటది. ఎరుక లేనోడు తొక్కి పోతడు. నాయిన గుడ్లు కనబడిన చోట నాలుగు రాళ్లు పేర్చి గుర్తు పెట్టేటోడు. గ్యాంగు కంకర ఎత్తడానికి వస్తే "ఆ మూరెడు జాగ రెండు వారాలు ముట్టకుండ్రి" అని చెప్పేటోడు. రాత్రి తీతువ కూస్తే అపశకునమని అమ్మ తలుపేసేది. నాయిన నవ్వేటోడు. "అపశకునం కాదే, పట్టాల మీద ఎవలో నడుస్తున్నరని చెప్తున్నది. నాకు అది రెండో కీమ్యాన్."

ఇదంతా చదివి ఆ బతుకు అందంగా ఉండెననుకోవద్దు. పట్టాల మీద పని అంటే చావు పక్కన పని. అనిల్ కాకోద్కర్ కమిటీ 2012లో ఇచ్చిన రిపోర్టులో, 2007–08 నుంచి 2011 అక్టోబరు దాకా సుమారు 1,600 మంది రైల్వే సిబ్బంది డ్యూటీలో చనిపోయారని ఉంది. నాయిన సోపతిగాళ్లు ఇద్దరు అట్లనే పోయిన్రు. మబ్బుల బండి వచ్చింది వినబడలేదు. ఆ రోజుల్లో నాయిన అన్నం ముందట కూసొని లేచేటోడు. తెల్లారి మళ్లీ సుత్తె భుజానేసుకొని పోయేటోడు. 2017లో రిటైరై, 2021లో కాలం చేసిండు. తాత అంతకు చాలా ముందే, 2003లో పోయిండు.

నేను బి.ఇడి. చదివేటప్పుడు ఒక లెక్చరర్ మా ఇండ్లల్లో పెద్దల అభిరుచులు రాయమన్నడు. నేను, మా తాతకు గడ్డిని గుర్తుపట్టుడు, మా నాయినకు పట్టాల వెంట నడుచుడు అని రాసిన. ఆయన క్లాసులనే చదివి, "ఇది వృత్తి అమ్మా, అభిరుచి కాదు" అన్నడు. కొందరు నవ్విన్రు. ఆయన పొద్దున పార్కుల నాలుగు రౌండ్లు తిరిగితే అభిరుచి. మా నాయిన సెలవు నాడు పది మైళ్లు నడిస్తే వృత్తి. జీతం రాని నడకను కూడా మా దగ్గరికొచ్చేసరికి కూలి ఖాతాలనే రాస్తరు. ప్రకృతిని చూసి ఆనందించడానికి ఒక కులం, దాన్ని కోసి మోయడానికి ఒక కులం అని ఎవరూ శాస్త్రంల రాయకపోవచ్చు. పంచుకునేటప్పుడు మాత్రం గట్లనే పంచుకున్నరు.

బయలు కూడా తగ్గింది. తాత నడిచిన తొవ్వల మీద ఒక్కో దిక్కు గోడలు లేచినయి, గేట్లు పడ్డయి. కంటోన్మెంటు రోడ్ల మూసివేత మీద జనం ఏండ్లకేండ్లు కొట్లాడితే, 2018 మే నెలలో రక్షణశాఖ రోడ్లు తెరవమని ఆదేశించింది. మంచిదే. కార్లు పోయే తొవ్వ మూస్తే పేపర్లల్ల వచ్చింది. గడ్డి మోపు పోయే తొవ్వ మూసుకపోతే ఎవరికీ వార్త కాలేదు.

బొల్లారంలో 1860లో కట్టిన రెసిడెన్సీ బంగళా ఇప్పుడు రాష్ట్రపతి నిలయం. 2023 మార్చి నుంచి దాన్ని ఏడాది పొడుగునా జనానికి తెరిచారు. 2012 డీఎస్సీల టీచరుగా వచ్చిన నేను, మా ఎనిమిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకపోయిన. తొంభై ఎకరాల తోట. పిల్లలు రాష్ట్రపతుల ఫోటోలు చూసిన్రు, చెట్ల పేర్లు రాసుకున్నరు. ఒక పిల్ల మాత్రం పచ్చిక దగ్గర ఆగింది. ఇద్దరు ఆడోళ్లు గొంతుక్కూర్చొని ఖుర్పితో కలుపు తీస్తున్నరు. "టీచర్, గింత గడ్డి వీళ్లిద్దరే తీస్తరా?" అని అడిగింది. నేను, పోయి వాళ్లనే అడుగుమన్న. పోయి పక్కన కూసుంది. గరిక ఏదో, తుంగ ఏదో వాళ్లు వేళ్లతో చూపిస్తుంటే ఆ పిల్ల నోట్సుల అంటించుకుంది. ఆనాటి చరిత్ర పాఠం అక్కడనే అయింది.

మా బడిల అడ్మిషన్ కాగితాల మీద తండ్రి వృత్తి అన్న గడిల ఎక్కువ మంది కూలి అనే రాస్తరు. ఆ ఒక్క మాటతోటి ఒక మనిషి అయిపోతడు. ఏం కూలి, ఎక్కడ, ఏం తెలుసు అని అడిగే గడి ఆ కాగితంల లేదు. అందుకే నేను పిల్లలకు ఇంకో పని చెప్పిన. మీ ఇంట్ల పెద్దోళ్లకు బయట ఏమేం తెలుసో అడిగి రాసుకొని రమ్మన్న.

పాలమూరు నుంచి వచ్చిన పిలగాడు, మా తాత మట్టి పిడికిట పట్టి చూసి పునాది ఎంత లోతు తీయాల్నో చెప్తడని రాసిండు. ఇంకొకడు, మా నాయిన మబ్బును చూసి సెంట్రింగు పని ఆపాల్నా వద్దా చెప్తడని రాసిండు. రోడ్లు ఊడ్చే తల్లి బిడ్డ, మా అమ్మకు ఏ చెట్టు ఏ నెలల ఆకు రాలుస్తదో ఎర్క, ఏ పొద్దు గాలి ఎటు కొడుతదో ఎర్క, గాలికి ఎదురు ఊడిస్తే పని డబులయితది అని రాసింది.

ఆ కాగితాలన్నీ నేను కుట్టి పెట్టిన. మొదటి కాగితం మీద తాత పేరు, నాయనమ్మ పేరు, నాయిన పేరు రాసిన. వచ్చే యేడు ఎనిమిదో తరగతికి వచ్చే పిల్లలు మిగతావి రాస్తరు.